పరీక్ష పేపరు కోసం పోరాడిన పంతులు

వాడుక భాషకు దారి వేసిన గిడుగు రామమూర్తి
అహోబిలం, మహానంది దారిలో పుట్టిన పుస్తకమే నాడు నమూనా

ఆళ్లగడ్డ: ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పాఠశాలల్లో గిడుగు వేంకట రామమూర్తి చిత్రపటానికి పూలమాల వేస్తారు. విద్యార్థులకు వ్యాసరచన పోటీలు పెడతారు. తలపాగా, కళ్లజోడు ధరించిన ఆ పెద్దాయన ఎవరని అడిగితే వాడుక భాషా ఉద్యమ పితామహుడని పిల్లలు తడుముకోకుండా చెబుతారు. అయితే ఆ ఉద్యమానికి కేంద్రం కవిత్వమో నవలో కాదని, పదో తరగతి స్థాయి పరీక్షలో అడిగే వ్యాసం ప్రశ్న అని చాలామందికి తెలియదు. విద్యార్థి తన ఆలోచనను ఏ తెలుగులో రాస్తే మార్కులు వేయాలన్నదే నాటి తగవు. ఆ తగవులో గిడుగు పక్షం ముందు గెలిచి, తర్వాత ఓడిపోయింది. చివరకు ఆయన మరణించిన ఎన్నో ఏళ్లకు గాని పూర్తి ఫలితం దక్కలేదు. ఆ పోరాటానికి నమూనాగా నిలిచిన రెండు పుస్తకాల్లో ఒకటి మన అహోబిలం, మహానంది, శ్రీశైలం దారిలో సాగిన యాత్ర నుంచి వచ్చింది.

ముప్పై రూపాయల ఉద్యోగం

గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని ముఖలింగ క్షేత్రానికి సమీపాన గల పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. 1875లో తండ్రి జ్వరంతో మరణించడంతో పన్నెండేళ్ల బాలుడికి ఆసరా లేకుండా పోయింది. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి పాఠశాలలో చదువుకున్నారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరి స్నేహం గురజాడ మరణం వరకు కొనసాగింది.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. పై చదువుకు ఇంటి పరిస్థితి అనుకూలించలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంతో ఉపాధ్యాయుడిగా చేరారు. పగలు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆపై బి.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో కాలేజీ గడప తొక్కకుండా పట్టభద్రులు కావడమంటే ఇంగ్లీషు పుస్తకాన్ని ఒంటరిగా ఎదుర్కోవడమే. చరిత్ర పాఠమైనా, తర్కమైనా జవాబు ఇంగ్లీషులోనే రాయాలి. పరాయి భాషలో వాక్యం కట్టడం ఎంత కష్టమో, ఏ పద్ధతిలో సాధన చేస్తే అది పట్టుబడుతుందో ఆయనకు స్వానుభవంతో తెలుసు. తర్వాతి కాలంలో విద్యాశాఖ వారితో ఆయన చేసిన వాదనకు ఈ అనుభవమే పునాది అనడంలో సందేహం లేదు.

ముఖలింగం ఆలయ శాసనాలను చదవడానికి పాత లిపులను తనంతట తానే నేర్చుకున్నారు. ఎవరో చెప్పినదాన్ని నమ్మడం కాక, రాతిపై ఉన్నదాన్ని చూసి తేల్చుకోవడం అప్పటి నుంచే ఆయనకు అలవాటు. పండితులతో వాదాల్లో ఆయన ప్రధాన ఆయుధం కూడా ఇదే.

సవర పిల్లలకు వాచకాలు

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. సంతకు వచ్చిన సవరల మాట విని ఆ భాష నేర్చుకోవాలని ఆయన సంకల్పించారు. ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట పెట్టుకుని మాట మాట అడిగి రాసుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా బారిన పడ్డారు. అందుకు వాడిన క్వినైన్ మందు వల్ల వినికిడి దెబ్బతిని, జీవితాంతం చెవుడు ఆయనను వదల్లేదు. నోటి మాటే భాషకు ప్రాణమని ఊరూరా చెప్పిన మనిషికి ఎదుటివారి మాట సరిగా వినిపించేది కాదు.

సవర భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు, పదకోశం తయారు చేశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి నడిపారు. పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడులు పెట్టించమని కోరారు. 1913లో ప్రభుత్వ బిరుదు, తర్వాతి కాలంలో కైజర్-ఎ-హింద్ పతకం లభించాయి. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. భాషాశాస్త్రంలో ఆయనకు ప్రపంచస్థాయి గుర్తింపు తెచ్చినవి ఇవే.

తెలుగు జిల్లాల్లో సవర కృషిని ఒక పక్కన, వాడుక భాషా ఉద్యమాన్ని మరొక పక్కన పెట్టి చెప్పడం పరిపాటి. నిజానికి రెండూ ఒకటే పని. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటతోనే అక్షరం మొదలు కావాలన్న సూత్రాన్ని ఆయన ముందు కొండల్లో పరీక్షించి చూశారు. మైదానంలోని తెలుగు పిల్లవాడికి అదే న్యాయం ఎందుకు దక్కడం లేదన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది.

ఇంగ్లీషు దొర అడిగిన ప్రశ్న

ఆ ప్రశ్నను బయటికి తెచ్చినవారు జె.ఏ.యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి. 1907 ప్రాంతంలో ఆయన ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. అప్పటికి పాఠశాలల్లో ఇంగ్లీషు బోధనలో కొత్త పద్ధతి ఒకటి ప్రచారంలోకి వస్తున్నది. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించి, వాక్యం వెంట వాక్యం తర్జుమా చేయించడం పాత పద్ధతి. వస్తువును చూపించి, పని చేసి చూపించి, ప్రశ్న అడిగి, ముందు నోటితో పలికించి తర్వాత రాయించడం కొత్త పద్ధతి. దీన్నే ప్రత్యక్ష పద్ధతి అన్నారు. ఇంగ్లీషు తరగతిలో నేటి మనుషులు మాట్లాడే ఇంగ్లీషు నేర్పుతూ, పక్క తరగతిలో తెలుగు పిల్లలకు ఎవరూ మాట్లాడని తెలుగు నేర్పడం యేట్స్‌ను ఆశ్చర్యపరచింది. బజారులో వినే తెలుగుకూ, పుస్తకంలో చదివే తెలుగుకూ ఇంత దూరమేమిటని ఆయన విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారును అడిగారు. ఆయన గురజాడను, గిడుగును చూపించారు. ఉపాధ్యాయ సభల్లో మొదలైన ఈ చర్చ నాలుగైదేళ్లలో తెలుగు జిల్లాలంతటా పాకింది.

గిడుగు అప్పటికి నలభై దాటిన అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు. హెన్రీ స్వీట్ వంటి ఇంగ్లీషు భాషాశాస్త్రజ్ఞుల గ్రంథాలు చదివినవారు. ఆయన వాదన సూటిగా ఉండేది. చాసర్ 1400లో మరణించిన మహాకవి. ఇంగ్లీషు విద్యార్థి అతని కావ్యం చదువుతాడు, అర్థం చేసుకుంటాడు, ఆనందిస్తాడు. అయితే ఆ విద్యార్థిని చాసర్ భాషలో ఉత్తరం రాయమని, వ్యాసం రాయమని ఏ మాస్టరూ అడగడు. నన్నయ, తిక్కనలను చదవవలసిందే, వారి భాషలో ఆవు మీద వ్యాసం రాయమనడం మాత్రం తగదు. కావ్యభాష చదవడానికి, వర్తమాన భాష రాయడానికి అన్నది ఆయన వేసిన గీత. గిడుగు ప్రాచీన సాహిత్యాన్ని తీసేయమన్నారని ఆనాడు ప్రత్యర్థులు ప్రచారం చేశారు. నేటికీ అక్కడక్కడా ఆ మాట వినిపిస్తుంది. అది సరికాదు. ప్రాచీన గ్రంథాలను ఆయనంత శ్రద్ధగా చదివినవారు ఆనాటి పండితుల్లోనూ తక్కువ.

అరసున్న పోతే మార్కు పోయె

నాటి విద్యార్థి కష్టం నేటి తరానికి ఊహకు అందకపోవచ్చు. వాడు బడికి వెళ్తున్నాడు అన్న చిన్న మాటను వ్యాసంలో రాయాలంటే, వాఁడు బడికిఁ బోవుచున్నాఁడు అని రాయాలి. అరసున్న ఎక్కడ వస్తుందో గుర్తుండాలి. ద్రుతం తర్వాత పరుషం సరళంగా మారాలి. బండి ర ఏ మాటకు వస్తుందో వల్లె వేయాలి. సంధి చేయవలసిన చోట చేయకపోతే తప్పు, చేయకూడని చోట చేస్తే తప్పు. పరవస్తు చిన్నయ సూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ఇందుకు ప్రమాణం. ఆవు గురించో, వర్షాకాలం గురించో పిల్లవాడికి పది విషయాలు తెలిసినా, ఆ సూత్రాల భయంతో నాలుగు వాక్యాలకే కలం ఆగిపోయేది. భద్రంగా బయటపడే మార్గం ఒక్కటే. మాస్టారు చెప్పిన వ్యాసాన్ని కంఠస్థం చేసి అప్పజెప్పడం.

ఈ రోగం గిడుగు కాలంలో పుట్టినది కాదు. మన పొరుగు జిల్లాలోనే దానికి పాత సాక్ష్యం ఉంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఉత్తర్వుపై బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లా బడుల లెక్క పంపారు. నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ ప్రాంతం అప్పుడు బళ్లారిలో భాగం. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, ఇంగ్లీషు బడి ఒక్కటి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతిని, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతిని కలెక్టరు మెచ్చుకున్నారు. ఒక్క లోపాన్ని మాత్రం గట్టిగా ఎత్తిచూపారు. బడిలో చదివించేవన్నీ పద్యాలు. వాటి భాష వ్యవహారంలోని భాషకు భిన్నం. పిల్లలు గడగడ చదువుతారు గానీ అర్థం తెలియదు, చెప్పే అయ్యవారికీ చాలాసార్లు తెలియదని ఆయన నివేదించారు. గిడుగు ఉద్యమం మొదలు కావడానికి ఎనభై ఏళ్లు ముందటి మాట ఇది.

నమూనాగా నిలిచిన కాశీయాత్ర

1911లో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్‌లో దేశభాషా వ్యాసరచనను తప్పనిసరి చేసింది. అదే కాలంలో మెట్రిక్యులేషన్ స్థానంలో స్కూలు ఫైనల్ పరీక్ష వచ్చింది. గిడుగు 1911లోనే ఉద్యోగ విరమణ చేసి పూర్తిగా ఉద్యమంలో దిగారు. 1912–13లో స్కూలు ఫైనల్ బోర్డు కార్యదర్శి ఉత్తర్వు వెలువడింది. విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చునన్నది దాని సారాంశం. ఆధునిక భాష అంటే ఏది అన్న సందేహం రాకుండా రెండు పుస్తకాలను ఉదాహరణగా చూపారు. ఒకటి సి.పి.బ్రౌన్ తెలుగు రీడరు. రెండోది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర.

ఈ రెండు పుస్తకాలకూ మన సీమతో సంబంధం ఉండటం విశేషం. బ్రౌన్ తెలుగు కృషి ఊపందుకున్నది కడపలో. ఇంగ్లీషు ఉద్యోగులు తెలుగు నేర్చుకునేందుకు ఆయన కూర్చిన రీడరులో కచేరీలకు వచ్చే ఉత్తరాలు, అర్జీలు, కథలు ఉన్నాయి. జనం నిజంగా రాసుకునే తెలుగు అది.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, ఇంగ్లీషు నేర్చుకుని, బాల్యం దాటకుండానే కచేరీ కొలువులో ప్రవేశించిన మనిషి. 1830 మే 18న మద్రాసు నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా అహోబిలం చేరారు. నల్లమల వెంబడి మహానంది, ఆత్మకూరు దాటి శ్రీశైలం వెళ్లారు. నంద్యాల, సిరివెళ్ల ప్రాంతాలు అప్పుడు కందనవోలు నవాబు ఏలుబడిలో ఉండేవి. మజిలీకి మజిలీకి దూరమెంత, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, దారి బండ్లకు అనుకూలమా, గుడుల్లో యాత్రికుల నుంచి ఏమేమి వసూలు చేస్తున్నారు అన్న సంగతులు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ వచ్చారు. 1831 సెప్టెంబరులో మద్రాసు తిరిగి చేరారు. ఆయన 1836లో మరణించగా, 1838లో పిళ్లె ఆ యాత్రా చరిత్రను అచ్చు వేయించారు.

ఆ పుస్తకంలో అలంకారాలు లేవు. కచేరీ మాటలు, ఉర్దూ మాటలు, ఇంగ్లీషు మాటలు అవసరమైన చోట అలాగే వచ్చాయి. చూసినదాన్ని చూసినట్టు చెప్పడమే ఉద్దేశం. వ్యాసం రాయవలసిన విద్యార్థికి ఇంతకు మించిన నమూనా ఏముంటుంది? నల్లమల అంచు దారుల గురించి ఒక యాత్రికుడు రాసిన మామూలు వచనం, ఎనభై ఏళ్ల తర్వాత మద్రాసు రాజధానిలోని తెలుగు పరీక్షకు ప్రమాణమైంది. ఈ సంగతి మన పాఠశాలల్లో చెప్పుకోకపోవడం విచారకరం.

గెలుపు నిలిచింది రెండేళ్లే

ఉత్తర్వుపై తెలుగుదేశమంతటా దుమారం రేగింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తరఫున జయంతి రామయ్య పంతులు వ్యతిరేకతకు నాయకత్వం వహించారు. నాటక రచయిత, మహాపండితుడు వేదం వేంకటరాయ శాస్త్రి ఆ పక్షానే ఉన్నారు. మన పొరుగు కడప జిల్లా వాస్తవ్యులు, ఒంటిమిట్ట రామాలయ ఉద్ధారకులు వావిలికొలను సుబ్బారావు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. ఆయన కూడా సంప్రదాయం వైపే నిలిచారు. సభలు పెట్టి, తీర్మానాలు చేసి, ప్రభుత్వానికి మహజరులు పంపారు.

వారిని ఛాందసులని కొట్టిపారేయడం న్యాయం కాదు. వారి ప్రశ్నల్లో ఒకటి బరువైనది. ఒక్కో జిల్లాకు ఒక్కో పలుకుబడి ఉంది. ఎవరి వాడుకను వాడుక అనాలి? కావ్యభాష ఏ జిల్లాదీ కాదు గనుక అందరిదీ. అది పోతే తెలుగువారిని కలిపే రాత ఏది? ఈ ప్రశ్నకు గిడుగు ఇచ్చిన సమాధానం శిష్ట వ్యావహారికం. చదువుకున్న పెద్దలు సభల్లో, ఉత్తరాల్లో వాడే భాష అన్ని ప్రాంతాల్లోనూ దాదాపు ఒకటేనని, దానినే రాతకు తీసుకోవాలని ఆయన చెప్పారు. గ్రామ్యాన్ని రాయమనలేదు.

ఈ సమాధానం కోస్తా పిల్లవాడికి సరిపోయినంతగా సీమ పిల్లవాడికి సరిపోలేదన్నది ఒప్పుకోవలసిన నిజం. ఆళ్లగడ్డ పిల్లవాడు వస్తాండాడు అంటాడు. పుస్తకంలో వస్తున్నాడు అని ఉంటుంది. వచ్చుచున్నాఁడు నుంచి వస్తున్నాడుకు రావడం పెద్ద విముక్తి. అయినా ఇంటి మాటకూ బడి రాతకూ మధ్య మరో అడుగు దూరం ఈ ప్రాంతంలో మిగిలిపోయింది. గిడుగు సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే ఆ దూరం గురించి కూడా ఆలోచించవలసి వస్తుంది.

విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచనపై ఒక సంఘాన్ని నియమించింది. అందులో ఇరుపక్షాల వారూ ఉన్నారు గానీ సంప్రదాయ వాదులదే పైచేయి అయింది. గురజాడ 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో రాసి సమర్పించారు. గిడుగు అంతకు ముందే 1913లో ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రచురించారు. తెలుగు కోసం చేసిన పోరాటంలోని ముఖ్య పత్రాలు ఇంగ్లీషులో ఉండటం వింతగా కనిపించవచ్చు. తీర్పు చెప్పే అధికారులు చదివేది ఆ భాషనే. ఎవరికి రాస్తున్నామో వారికి అర్థమయ్యేలా రాయడమన్న సూత్రాన్ని ఇద్దరూ తమ రాతలోనే ఆచరించారు.

ఫలితం దక్కలేదు. 1915లో ఆధునిక భాషకిచ్చిన అనుమతి రద్దయింది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. గిడుగు ఒంటరి అయ్యారు. వయసు యాభై రెండు, చెవులు వినిపించవు, చేతిలో ఉద్యోగం లేదు.

పుస్తకాల మూటతో ఊరూరా

ఓటమి తర్వాతి గిడుగు జీవితమే ఎక్కువ ఆసక్తికరం. అధికారులను ఒప్పించడం వదిలి, పండితుల మీదికే నేరుగా వెళ్లారు. సభకు వెళ్తే వెంట గ్రంథాలు తీసుకువెళ్లేవారు. ఎదుటివారి అభిప్రాయాన్ని ఖండించడానికి ఎదుటివారి పుస్తకాన్నే తెరిచేవారు. బాలవ్యాకరణాన్ని వేదంలా చూసే పండితులు తమ సొంత రచనల్లో ఆ సూత్రాలను ఎన్నిచోట్ల తప్పారో పేజీ నంబరుతో సహా చూపేవారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అన్న గ్రంథం అంతా ఇదే పని. పండితులే తప్పకుండా రాయలేని భాషలో పద్నాలుగేళ్ల పిల్లవాడు రాయకపోతే మార్కులు ఎలా కోస్తారన్నది అందులోని అసలు ప్రశ్న. బాలకవి శరణ్యంలో ప్రాచీన కవుల ప్రయోగాలను చూపి సూత్రాలు ఎంత ఇరుకైనవో నిరూపించారు. గద్య చింతామణిలో పాత వచన రచనలను పోగు చేసి, వాడుక మాట రాతలో ఉండటం కొత్త కాదని చూపారు. శాసనం చదివిన కన్ను ఇక్కడ ఉపయోగపడింది.

1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం అధ్యక్షులు, గిడుగు కార్యదర్శి. గ్రాంథిక వచనంలో ఎన్నో గ్రంథాలు రాసిన వీరేశలింగం చివరి దశలో ఈ పక్షానికి రావడం గొప్ప బలమే గానీ, ఆయన అదే సంవత్సరం మే 27న మరణించారు. గిడుగు తెలుగు అన్న పేరుతో మాసపత్రిక పెట్టి సుమారు ఏడాది నడిపారు. చందాదారులు చాలక ఆగిపోయే పత్రికల కథ ఆనాటికీ కొత్త కాదు.

1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాషపై ఉన్న నిషేధాన్ని ఎత్తివేసింది. వ్యతిరేకత పుట్టిన చోటే అది సడలింది. మరుసటి ఏడాది తణుకు సభలో గిడుగు గంటల తరబడి ప్రసంగించి సభికులను ఆకట్టుకున్నారు. పర్లాకిమిడిలో ఆయన శిష్యుడైన తాపీ ధర్మారావు 1930 దశకంలో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపారు. కవులు, కథకులు ఒక్కొక్కరే ఈ దారికి వచ్చారు. పరీక్ష పేపరు మాత్రం కదలలేదు.

ఈ మధ్యలోనే నంద్యాల ఒక చారిత్రక సభకు వేదిక అయింది. 1928 నవంబరులో ఇక్కడ జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరును ప్రతిపాదించారు. ఆయన గిడుగు మాదిరే శ్రీకాకుళం ప్రాంతీయులు, అనంతపురం కళాశాలలో తెలుగు ఆచార్యులు, భాషా చరిత్రకారులు. దత్త మండలాలన్నది ఇంగ్లీషు కచేరీ మాటకు తర్జుమా. నైజాము కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలని దాని అర్థం. నూట ఇరవై ఏళ్లకు పైగా అదే పేరుతో అర్జీలు రాసుకున్న జనం, రాయలసీమ అన్న మాట వినగానే అందుకున్నారు. తర్జుమా మాటకూ నోటికి పట్టే మాటకూ గల తేడాకు ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

రాత్రికి రాత్రి మారిన సరిహద్దు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ పట్టణాన్ని మద్రాసు రాజధానిలోనే ఉంచాలని గిడుగు చేసిన ప్రయత్నం ఫలించలేదు. యాభై ఆరేళ్లు బతికిన ఊరిని ఆయన వదిలేసి రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి వయసు డెబ్బై రెండు. సవర నిఘంటువు పని, కుమారుడు సీతాపతి సహకారంతో కొత్త ఇంటి నుంచే సాగింది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణతో గౌరవించింది.

పాఠశాలల్లో, కళాశాలల్లో మార్పు ఆ తర్వాత చాలాకాలానికి వచ్చింది. 1968లో ఏర్పాటైన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను వర్తమాన భాషలో తెచ్చింది. భౌతికశాస్త్రమో, అర్థశాస్త్రమో చదివిన నంద్యాల డిగ్రీ విద్యార్థి తన జవాబును అరసున్న గొడవ లేకుండా తెలుగులో రాయగలగడం ఆ తరంతోనే సాధ్యమైంది. 1915 నాటి రద్దుకూ దీనికీ మధ్య యాభై ఏళ్లకు పైగా గడిచాయి. ఆ మధ్యకాలంలో ఎందరు పిల్లలు తెలుగు వ్యాసం దగ్గర ఆగిపోయారో లెక్క లేదు.

కంఠస్థం చేసే అలవాటు మాత్రం భాష మారినా పోలేదు. ఇంగ్లీషు పేపరులో ఉత్తరాలు, వ్యాసాలు గైడు చూసి బట్టీ పట్టడం నేటి జిల్లా పాఠశాలల్లో తెలియని సంగతి కాదు. ఉత్తరం కింద ఎక్స్ వై జడ్ అని పేరు, నంద్యాల పిల్లవాడి చిరునామాగా ఎప్పుడూ చూడని ఢిల్లీ వీధి. యేట్స్ కాలంలో తెలుగు వ్యాసానికి పట్టిన జబ్బు నేడు ఇంగ్లీషు వ్యాసానికి పట్టింది. ముందు నోటితో చెప్పించి, చూసినదాన్ని రాయించాలన్న ప్రత్యక్ష పద్ధతి మన దగ్గర ఇంగ్లీషు బోధన కోసమే వచ్చిందన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది. మహానంది కోనేరు గురించో, అహోబిలం బ్రహ్మోత్సవాల గురించో ఐదు వాక్యాలు సొంతంగా ఇంగ్లీషులో రాయించే ఉపాధ్యాయులు ఎక్కడైనా ఉంటే, వారు గిడుగు పని చేస్తున్నట్టే.

1940 జనవరి 15న మద్రాసులోని ప్రజామిత్ర కార్యాలయంలో గిడుగు పత్రికా సంపాదకులను కలిశారు. పాఠశాల, విశ్వవిద్యాలయం తన మాట వినలేదని ఆయనకు తెలుసు. పత్రికలైనా జనానికి తెలిసే భాషలో రావాలన్నది ఆయన వారికి చేసిన విన్నపం. వారం రోజులకే, జనవరి 22న కన్నుమూశారు. పత్రికలు ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. జిల్లా వార్తల పేజీలు ఆళ్లగడ్డ, నంద్యాల పల్లెల్లోకి వెళ్లేనాటికి వాటి తెలుగు వీరాస్వామయ్య తెలుగుకు చాలా దగ్గరకు వచ్చింది.